చల్లబడ్డ ముల్లు

హుదుద్ తుఫానుకి ముక్కాం రేవులో ముక్కలైపోయిన పడవల్లో యుగంధర్‌ది కూడా ఒకటి. మళ్ళీ పడవ జోలికి పోకుండా అతను ఒక పాత పికప్పు వ్యాను కొనుక్కున్నాడు. ప్రతి శుక్రవారం తెల్లారగానే ఒడ్డున కానాగంతలు, వంజరాలు లాంటి చేపలు కొని ఐసులో సర్దుకుని, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటురోడ్డెక్కి, అరకు సంతకు చేర్చేవాడు. అమ్మే పని మాత్రం అతనిది కాదు, లక్ష్మణమ్మది. ఆవిడ అతనికి సొంత మేనత్త. ఆవిడ కూతురు భారతినే చేసుకున్నాడు కాబట్టి అత్తగారు కూడా ఆవిడే. అల్లుడన్న మర్యాద ఆవిడ దగ్గర ఏమీ చెల్లేది కాదు. చిన్నప్పుడు ముక్కు తుడిచిన వాణ్ని పట్టుకుని 'మీరు' అనడానికి తనకి నోరు తిరగదని పెళ్ళి పందిట్లోనే చెప్పేసింది.

రెండువేల పదహారు వేసవిలో ఓ శుక్రవారం ఘాటు మధ్యలో బండి గేరుబాక్సు పోయింది. ముందు మాడు వాసన వేసింది, తరవాత గరగరమన్న చప్పుడు, ఆ తరవాత ఏ గేరూ పడలేదు. బండిని ఒక లారీకి కట్టి కోటకి దింపుకొచ్చారు. అక్కడ అప్పలసూరి అనే మెకానిక్కు గేరుబాక్సు విప్పి, అడుగున మిగిలిన ఆయిలు వేలితో తీసి వాసన చూశాడు.

"ఇది ఆయిలు కాదు బావా, కషాయం. ఎప్పుడు మార్సినావు?"

యుగంధర్‌కి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఇంజను ఏడెక్కితే సూడ్డానికి ముల్లుంటాది. గేరుబాక్సుని ఎవుడూ అడగడు," అన్నాడు అప్పలసూరి. "కొండెక్కినంత సేపూ లోడుతో సెకండు గేరులోనే లాగుతావు. పళ్ళు రాసుకుని ఆయిలు కాగుతాది. కాగీ కాగీ పలసబడిపోతాది. పలసబడింది పళ్ళ మీద నిలబడదు. నానొక పని సేస్తాను, నీకూ బాగుంటాది."

పోయిన గేరుబాక్సు తీసేసి ఇంకోటి వేశాక అతను చేసిన పని ఇది. గేరుబాక్సు అడుగున ఆయిలు దించే బోల్టు ఉంటుంది. దానికి కన్నం వేసి, వేడి కనిపెట్టే చిన్న సెన్సరు బిగించి, తీగని కేబిన్‌లోకి లాగి, గుండ్రటి మీటరు ఒకటి పెట్టాడు. స్టీరింగు ముందు చోటు లేక మీటరు ఎడమ పక్కకి, లక్ష్మణమ్మ కూర్చునే చోటుకి ఎదురుగా వచ్చింది. నూట ఇరవై దగ్గర అద్దం మీద ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత గీశాడు.

"ఇదేటి నాయనా, నా మొకానికెదురుగా పెట్టినావు?" అంది లక్ష్మణమ్మ.

"జొరం సూసే మీటరమ్మా. తొంభై, వంద ఉంటే పరవానేదు. ఎర్ర గీత దాటిందంటే బండి ఆపి సల్లారబెట్టాల."

"మరి దీన్నెవులు సూస్తారు?"

"డ్రైవరు రోడ్డు సూడాల కదా," అన్నాడు అప్పలసూరి నవ్వుతూ.

లక్ష్మణమ్మ నవ్వలేదు. చీర కొంగుతో మీటరు అద్దం మీద మరక తుడిచి, కూర్చున్న చోటు సర్దుకుంది. అక్షరాలు రాకపోయినా ముప్పయ్యేళ్ళుగా తక్కెడ పట్టిన మనిషి, అంకెల దగ్గర ఆవిణ్ని ఎవరూ మోసం చెయ్యలేరు.

ఆ తరవాతి శుక్రవారం నుంచి యుగంధర్‌కి కష్టాలు మొదలయ్యాయి. బొడ్డవర దాటి కొండ మొదలవగానే ఆవిడ బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు పిలిచినట్టు అంకెలు పిలిచేది. "డెబ్భై." ఒక మలుపు. "డెబ్భై ఎనిమిది." ఇంకో మలుపు. "తొంభై. ఒరే, తొంభై." వంద దగ్గరకి రాగానే చేత్తో డాష్‌బోర్డు మీద కొట్టేది.

"ఆపు."

"గీత నూటిరవై దగ్గరున్నాదత్తా. ఇంకా సానా దూరం."

"కూర మాడిపోనాక పొయ్యి ఆర్పుతామేటి? ఆపు."

ఆపేదాకా ఊరుకునేది కాదు. మొదటి రోజు ఘాటు మీద నాలుగుసార్లు ఆగారు. ముల్లు ఎనభైకి దిగేదాకా కదలనిచ్చేది కాదు. యుగంధర్ రాయి మీద కూర్చుని లోయలోకి చూస్తూ మూతి ముడుచుకునేవాడు. ఆవిడకి మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాదు. వెనక తలుపు తీసి, ఒక ప్లాస్టిక్కు టబ్బు దించి, రోడ్డు పక్కన గోనె పరిచి కూర్చునేది. కట్టెల మోపుతో వచ్చే ఆడవాళ్ళు, కాఫీ తోటల్లో పనికి పోయేవాళ్ళు, కారాపి ఫోటోలు దిగే పట్నం జనం, అందరూ ఆగి చూసేవాళ్ళు. చూసినవాళ్ళు కొనకుండా పోవడం లక్ష్మణమ్మకి ఇష్టం ఉండేది కాదు.

అయినా అరకు చేరేసరికి పన్నెండు దాటిపోతోందని, సంత మంచి ఊపు మీదున్న వేళ దాటిపోతోందని యుగంధర్ బాధ. ఇంటికెళ్ళి భారతితో చెప్పుకున్నాడు.

"మీ అమ్మకి నివ్వైనా సెప్పు. నూటిరవై దాకా ఏటీ అవ్వదని అప్పలసూరే సెప్పినాడు."

భారతి అన్నం వడ్డిస్తూ, "మా నాన్న ఇరవయ్యేళ్ళు సెప్పి సూసినాడు. నివ్వింకా కొత్త," అంది.

ఇక లాభం లేదని యుగంధర్ వేరే దారి పట్టాడు. జూలైలో ఒక గురువారం పొద్దున్నే ఒక్కడూ కోట వెళ్ళి, అప్పలసూరి చేత పాత ఆయిలు దింపించి, వేడికి తట్టుకునే మంచి ఆయిలు పోయించాడు. ముల్లు ఎక్కకపోతే ఆవిడ ఆపమనదు. ఆపమనకపోతే తొమ్మిదికల్లా అరకులో ఉంటారు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

మర్నాడు సన్నగా వాన పడుతోంది. కొండ మొదట్లో ముల్లు డెబ్భై ఐదు చూపించింది. నాలుగు మలుపులయ్యాక ఎనభై. ఇంకో రెండు మలుపులయ్యాక కూడా ఎనభైయే. యుగంధర్‌కి ఈల వేయాలనిపించింది, వేశాడు కూడా.

"డెబ్భై," అంది లక్ష్మణమ్మ.

"సూసినావా? కొత్త ఆయిలు పోయించినాను, నిన్న. మంచి సరుకంటే అలగుంటాది."

ఆవిడ ముందుకి వంగి ముల్లునే చూస్తోంది. బండి నిటారుగా ఉన్న ఎత్తు ఎక్కుతోంది. ఇంజను గట్టిగా మూలుగుతోంది.

"అరవై రెండు," అంది కాసేపటికి. గొంతు మారింది. తరవాత, "యాభై ఐదు. ఒరే, ఆపు."

యుగంధర్‌కి ఒళ్ళు మండింది. "ఎక్కితే ఆపమంటావు, దిగితే ఆపమంటావు. ఇంక నానెప్పుడు నడపాల?"

"కొండెక్కతా ఎవుడికైనా ఒళ్ళు సల్లబడతాదేటి? ఇంజను సూడు ఎలగ మూలుగుతున్నాదో. మనిసి సల్లబడిపోతే మనం సంతోసిస్తామేటి, సెప్పు."

"ఆ రెండు మలుపులూ ఎక్కితే తాతమ్మ బజ్జీల కొట్టు. అక్కడాపుతాను."

లక్ష్మణమ్మ తలుపు గడియ మీద చెయ్యి వేసింది. కదిలే బండిలోంచి దిగిపోయే మనిషని అతనికి తెలుసు. తిట్టుకుంటూ పక్కకి తీసి ఆపాడు.

వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి యుగంధర్ బండి కిందకి దూరాడు. గేరుబాక్సు అడుగు బోల్టు వదులై, సగం బయటికొచ్చి వేలాడుతోంది. దాని చుట్టూ చుక్క చుక్కగా ఆయిలు. వెనక్కి తిరిగి చూస్తే తడిసిన తారురోడ్డు మీద, వచ్చిన మలుపుల మీదుగా, నెమలి కంఠం రంగులో ఒక గీత మెరుస్తోంది. చెయ్యి దగ్గరకి పెడితే గేరుబాక్సు పెనంలా సెగలు కక్కుతోంది.

అప్పుడర్థమైంది అతనికి. ఆయిలు కారిపోయింది. సెన్సరుకి తగలడానికి కాగిన ఆయిలు అడుగున లేదు. అందుకే ముల్లు దిగింది. లోపల పళ్ళు మాత్రం పొడిగా రాసుకుంటున్నాయి. ఆ రెండు మలుపులూ ఎక్కి ఉంటే రెండో గేరుబాక్సు కూడా పోయేది. ఎత్తులో గేరు వదిలేస్తే, వానలో, ఆ లోయ పక్కన ఏమయ్యేదో అనుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.

బయటికొచ్చి బురద చేతులతో అలాగే నిలబడ్డాడు.

"ఏటైనాది?" అంది లక్ష్మణమ్మ.

"నెత్తురంతా కారిపోనాదత్తా."

"బతికున్నాదా?"

"ఉన్నాది. నివ్వు ఆపమన్నావు కాబట్టి."

ఆవిడ తల ఊపింది. దెప్పుతుందని యుగంధర్ ఎదురుచూశాడు. దెప్పలేదు. "మరలగ నిలబడిపోకు. ఐసు కరిగిపోతాది, టబ్బెత్తు," అంది.

రెండు మలుపుల పైన తాతమ్మ బజ్జీల కొట్టుంది. అరవయ్యేళ్ళ తాతమ్మ ఘాటెక్కే బస్సులకి టీ, మిరపకాయ బజ్జీలు అమ్ముతుంది. యుగంధర్ ఒక టబ్బు, లక్ష్మణమ్మ ఒక టబ్బు నెత్తిన పెట్టుకుని నడిచి ఎక్కేసరికి, కొట్టు ముందు టూరిస్టు బస్సొకటి ఆగి ఉంది. వానకి వణుకుతూ నలభై మంది టీలు తాగుతున్నారు. లక్ష్మణమ్మ ఆ జనాన్ని చూసింది, పొయ్యి మీద కాగుతున్న మూకుడు చూసింది.

"వదినా, కారం ఉన్నాదా?"

"ఉన్నాది. ఏలా?"

"పసుపూ ఉప్పూ కూడా ఇలగియ్యి."

పావుగంటలో కానాగంతలు గాట్లు పెట్టుకుని, కారం పూసుకుని మూకుట్లో పడ్డాయి. ఆ వాసనకి బస్సులో పడుకున్నవాళ్ళు కూడా దిగొచ్చారు. డ్రైవరు హారను కొడితే ప్రయాణికులు అతన్నే పిలిచి ఒక చేప చేతిలో పెట్టారు. తరవాత హారను మోగలేదు. తాతమ్మ బజ్జీల పిండి పక్కన పెట్టేసి, చేపలు తిరగేస్తూ, ఇన్నేళ్ళలో తనకీ ఆలోచన ఎందుకు రాలేదా అని పైకే అనుకుంది. యుగంధర్ కిందకీ పైకీ నాలుగుసార్లు తిరిగి టబ్బులు మోశాడు.

ఆ తిరుగుడులోనే పైనుంచి దిగుతున్న లారీ ఒకటి అతని పికప్పు దగ్గర ఆగింది. దాని డ్రైవరు ఎల్లాజీ ఊరు కోట పక్కనే. సంగతి విని, సీటు కిందనుంచి గేరు ఆయిలు డబ్బా తీశాడు. బోల్టుకి ఉండాల్సిన రాగి వాషరు లేదని కూడా అతనే కనిపెట్టాడు. నిన్న ఆయిలు మార్చినప్పుడు పెట్టడం మరిచిపోయి ఉంటారు. ఎల్లాజీ తన సామాన్ల డబ్బా వెతికి సరిపోయేది ఒకటి ఇచ్చాడు. ఇద్దరూ వానలో బండి కింద దూరి, బోల్టు బిగించి, ఆయిలు పోశారు.

డబ్బులిస్తానంటే ఎల్లాజీ పుచ్చుకోలేదు. లక్ష్మణమ్మ మోచెయ్యంత వంజరం తెచ్చి ఒళ్ళో పెట్టింది. చిన్నది చాలమ్మా అన్నాడతను.

"సిన్నది మీ ఇంట్లో ఎందరికొస్తాది? మాటాడకుండా పట్టుకెల్లు."

బండి స్టార్టు చేశాక, ముల్లు మెల్లగా పైకి లేచి డెబ్భై దాటేదాకా లక్ష్మణమ్మ కొండెక్కనివ్వలేదు. దాటాక, "ఇప్పుడు ఒంట్లో ఏడి ఉన్నాది. పద," అంది. అరకు చేరేసరికి రెండయింది. మిగిలినవి నాలుగు వంజరాలు, రెండు గంపల ఎండు నెత్తళ్ళు. సంత కట్టేసే లోపల అవీ అయిపోయాయి.

సాయంత్రం దిగేటప్పుడు కోటలో ఆగారు. వాషరు సంగతి విని అప్పలసూరి ముఖం చిన్నబోయింది. స్టూలు మీదనుంచి లేచి, నిలబడే మాట్లాడాడు.

"తప్పు నాదే అమ్మా. తిట్టండి."

"తిడితే నీ సెయ్యి మరుపు పోతాదేటి? కూసో," అంది లక్ష్మణమ్మ. "ఆయిలు లోపలెంతున్నాదో సూపెట్టే మీటరు కూడా ఉంటాదేటి?"

అలాంటిది లేదని, వారం వారం పక్క బోల్టు విప్పి వేలు పెట్టి చూడటమే దారని అప్పలసూరి చెప్పాడు. ఆవిడ యుగంధర్ వైపు చూసింది. యుగంధర్ తన వేలు చూసుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కథంతా అతనే చెప్పాడు భారతికి. ఈల వేసిన ముక్క కూడా దాచలేదు. భారతి పొట్ట పట్టుకుని నవ్వింది. లక్ష్మణమ్మ తనకేమీ పట్టనట్టు చేపముల్లు తీసుకుంటూ కూర్చుంది.

పై శుక్రవారం తాతమ్మకని ఒక టబ్బు కానాగంతలు వేరేగా సర్దారు. బొడ్డవర దాటి మొదటి మలుపు తిరగగానే యుగంధర్ వేగం తగ్గించాడు.

"ఎంతున్నాదత్తా?"

ఆవిడ నోటినిండా ఇడ్లీ ఉంది. ఆగమన్నట్టు చెయ్యెత్తింది. అతను రెండో గేరులో, నింపాదిగా పోనిస్తూ, ఆవిడ మింగేదాకా ఎదురుచూశాడు.