ఉరియం చెట్టు దిగిన సాయంత్రం

మా దీవిలో బంధువు ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే కాదనకూడదు. దాన్ని మేము బుబుటి అంటాం. దోమతెర అడిగినా, పంది అడిగినా, ఒంటి మీద చొక్కా అడిగినా ఇచ్చెయ్యాల్సిందే. మా చిన్నాన్న కొడుకు ఉరియం చొక్కా లేకుండా తిరిగేది ఎండ వల్ల అనుకునేరు, కాదు. ఉన్నవన్నీ అలాగే పోయాయి పాపం. అందుకే ఎవరైనా అడగడానికి వస్తున్నారంటే చాలు, వాడు ఇంట్లో ఉండడు.

ఆ గురువారం పొద్దున రాజధాని తరావా నుంచి విమానంలో తట్టు టీకా మందు వచ్చింది. పక్క దీవిలో అప్పటికే పిల్లలకు తట్టు పోసింది. మందు పెట్టెలో మంచు మర్నాటిదాకే ఆగుతుంది. ఉత్తరం వైపు లంకల పిల్లలు పడవల్లో చేరేదేమో శనివారం. ఆసుపత్రిలో ఎండతో నడిచే ఫ్రిజ్ చెడిపోయి నెలయింది. నర్సు రొటియా గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. వేరే దీవి పిల్ల, వచ్చి నాలుగు నెలలే.

"మంచు కరిగితే ఈ మందు పారబొయ్యడమే అమ్మమ్మా. నలభై ఒక్క మంది పిల్లలు!"

"ఉరియం ఫ్రీజర్ ఉందిగా?"

"అడిగాను. నిండా చేపలే, అవి కొనుక్కెళ్లే ఓడ వచ్చేదాకా మూత తియ్యనన్నాడు. కాదనకుండా ఇవ్వడానికి నేనేమన్నా చుట్టాన్నా?"

"ఈ పూట నుంచి నా మనవరాలివి. ముక్కు తుడుచుకుని పద."

మేము వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. ఉరియం కొబ్బరిచెట్టు మీద కల్లు గీస్తున్నాడు. మా మగవాళ్లు కల్లు గీస్తూ పాడతారు. వాడు పైనుంచి నన్ను చూశాడు, పాట పెంచాడు.

"ఒరేయ్ ఉరియం! నీతో మాటుందిరా!"

ఇంకా పెంచాడు. వినపడకపోతే అడిగినట్టు కాదు కదా! వాడి తెలివి చూశారా?

నేను చెట్టు మొదట్లో చాప పరుచుకున్నాను. మోకాళ్ల నొప్పుల ముసలిదాన్ని, నాకేం తొందర? వాడు తెలిసిన పాటలన్నీ పాడేశాడు. తర్వాత చర్చి పాటలు. అవీ అయిపోయాక చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న ఎక్కాలు. ఏడో ఎక్కం మధ్యలో తరవాతది గుర్తురాక ఒక్క క్షణం ఆగాడు. అంతే, నేను అందుకున్నాను.

"ఉరియం తమ్ముడా, నీ ఫ్రీజర్ కావాలిరా, మందు చల్లగా ఉండాలిరా!"

నా గొంతు వింటే పందులు కట్లు తెంపుకుంటాయి. అయినా పక్క చెట్టు మీద గీస్తున్న వాడి బావమరిది ఆ ముక్కనే రాగం తీసి పాడాడు. ఆ పక్క చెట్టువాడూ కలిశాడు. రొటియా ఏడుపు మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

"ఆపండ్రా! విన్నాను! నా ప్రాణం తియ్యకండి!" అన్నాడు ఉరియం. "అక్కా, పావు వంతు ఖాళీ చేస్తా."

"సగం."

"అసలు ఆ పిల్ల నీకేమవుతుంది?"

"మనవరాలు."

"ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి."

వాడు దిగాడు, గొణుక్కుంటూనే. సగం చేపలు తీసి ఉప్పు పట్టించాం. ఆ చోట్లో రొటియా మందు పెట్టెలో మార్చి మార్చి పెట్టే మంచు పలకలు పేర్చుకుంది.

శనివారం ఊరి సావడిలో ఒకపక్క సూదులు, ఒకపక్క చేపల పులుసు. నలభై ఒక్క మందీ ఏడ్చారు, నలభై ఒక్క మందీ తిన్నారు. ఆఖరి పిల్ల దాకా పెట్టెలో మంచు రాయిలాగే ఉంది. అప్పుడు లేచాడు ఉరియం.

"అక్క మనవరాలంటే నాకూ మనవరాలే కదా?"

"అవునవును!" అంది సావడంతా.

"అయితే రొటియా, ఆ నీలం మందు పెట్టె నాకు కావాలి. అడుగుతున్నాను."

అది సర్కారు పెట్టె. ఇవ్వనంటే మనవరాలు కాకుండా పోతుంది, ఇస్తే వచ్చే నెల మందుకు దిక్కేది? అందరూ నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని చూస్తున్నారు.

రొటియా చేతులు తుడుచుకుని నవ్వింది. "నీదే తాతా, తీసుకో. కానీ నీ పెట్టె నేను మొయ్యడం బావుండదుగా? విమానం వచ్చినప్పుడల్లా నువ్వే మోసుకురా. మంచు కూడా నువ్వే చూసుకో."

సావడి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. వాడూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఇప్పుడు మందు వచ్చిన ప్రతిసారీ ఉరియం ఎవర్నో ఒకర్ని అడిగి తెచ్చుకున్న చొక్కా వేసుకుని మరీ వెళ్తాడు. పెట్టెను భుజాన పెట్టుకుని ఊరంతా తిప్పి తెస్తాడు. ఫ్రీజర్‌లో సగం దానికే.

నిన్న మా వదిన చేపలు పెట్టుకోవడానికి ఆ పెట్టె అడుగుదామని బయల్దేరింది. దారిలో ఉండగానే వినపడిందట, చెట్టు మీంచి ఏడో ఎక్కం. ఈసారి తప్పు లేకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా.