జ్వరం కాదు

ఆమె కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. భర్త లిఫ్టుల మెకానిక్. మంచి పనివాడని పేరు. కొంతకాలంగా ఆ పేరు తాగుడుపాలవుతోంది.

ఆమెకు కుదురు పోయింది. మెట్ల మీద అతని అడుగుల చప్పుడు వింటే చాలు, ఎంత తాగాడో తెలిసిపోతుంది. దుకాణంలో ఉన్నా చెవులు ఇంటి గుమ్మం దగ్గరే. కాసేపైనా కూర్చోలేదు. కాలుగాలిన పిల్లిలా మిషనుకూ కిటికీకీ మధ్య తిరుగుతూ ఉంటుంది. అతను పనికి పోలేనప్పుడల్లా సూపర్‌వైజరుకు ఆమే చెప్పేది, జ్వరమని.

ఒక సోమవారం ఉదయం ఆమె దుకాణంలో ఉండగా ఆ సూపర్‌వైజరే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మళ్ళీ జ్వరమేనా? సోమవారమైతే చాలు వచ్చేస్తుంది. మీ ఆయన జ్వరానికి క్యాలెండర్ చూడ్డం బాగా వచ్చు."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"సరే, మాత్ర వేసి మధ్యాహ్నానికి పంపు. ఆసుపత్రి లిఫ్టుకి ఇనప తాడు మార్చాలి. పైకెక్కి చెయ్యాల్సిన పని. ఆయన చెయ్యి పడితేనే అవుతుంది."

'అలాగేనండి' అనబోయింది. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేక తడబడ్డ అతని వేళ్ళు కళ్ళముందు కదిలాయి.

"జ్వరం కాదండీ. తాగి ఉన్నారు. ఇదివరకు చెప్పిందీ జ్వరం కాదు. దయచేసి ఆయన్ని పైకి ఎక్కించకండి."

ఆయన "సరేనమ్మా" అని పెట్టేశాడు.

ఆ తర్వాత పట్టుకున్న అద్దం అంచు పగిలింది. ఇక పని సాగదని తెలిసి, భర్త అక్కకు ఫోన్ చేసింది.

"వదినా, నిజం చెప్పేశాను. మీ తమ్ముడి ఉద్యోగం పోతుందేమో."

"పోతే పోనీ. ఇన్నాళ్ళూ వాడికి గొడుగు పట్టి నువ్వు తడిశావు. ఇంటికి పద, నేనూ వస్తున్నా."

ఆమె ఇంటికి వెళ్ళేసరికి భర్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కబురు అప్పటికే అందింది.

"నలుగురిలో నా పరువు తీశావు."

"తీశాను. మిమ్మల్ని లిఫ్టు గోతిలో చూడటం కన్నా నయం."

"అయితే పో, నా ఇంట్లోంచి."

"నువ్వు పొమ్మనక్కర్లేదు, నేనే తీసుకెళ్తున్నా," అంది గుమ్మంలో నుంచి అక్క. "నువ్వు తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరికి వెళ్ళాకే వస్తుంది."

వదిన ఇంట్లోనూ ఆమెకు కాలు నిలవలేదు. అతను తిన్నాడో లేదో అని ఒకటే గుబులు.

"వాడి ఆకలి వాడి కడుపుకి తెలుసు. ముందు నువ్వు తిను," అంది వదిన.

కంపెనీ అతన్ని తీసేయలేదు. డాక్టరు సరేననేదాకా లిఫ్టు ఎక్కొద్దని గోడౌనులో వేసింది. కొన్నాళ్ళు బిగుసుకుని కూర్చున్నాడు. ఒక సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, భార్య వైపు చూడకుండానే, "అక్కా, ఆ డాక్టరు దగ్గరికి నాతో వస్తావా?" అన్నాడు.

వైద్యం మొదలయ్యాక ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు. ఆమె అరవలేదు, బతిమాలలేదు. వదిన ఇంటికి వెళ్ళి పడుకుని, తెల్లారి తన పనికి తాను వెళ్ళింది. ఆ రోజు అతను ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

ఇక తాగడని ఆమె ఎవరికీ చెప్పదు. అడిగినవాళ్ళతో, "ఇవాళ బాగున్నారు," అంటుంది.