పదకొండో లెక్క

ఆ గదిలో వెర్నా కూచెరా మాట్లాడటానికి మూడు వాక్యాలకే అనుమతి ఉంది. "వీడియో మళ్ళీ చూడు." "ప్రశ్న రాసిపెట్టుకో, సార్ వచ్చినప్పుడు అడుగు." "ఫోన్ లోపల పెట్టు." స్కూలువాళ్ళు వాటిని కాగితం మీద అచ్చువేసి ఇచ్చి, కింద ఆమెతో సంతకం పెట్టించుకున్నారు. అంతకు మించి పాఠం గురించి నోరు విప్పితే వేరే పనికి మారుస్తామని అదే కాగితంలో రాసి ఉంది.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు ఇసుక గుట్టల మధ్య మూడు ఊళ్ళ స్కూళ్ళకు కలిపి లెక్కల మాస్టరు ఒక్కరే. ఆయన పేరు హాల్వర్సన్. మంగళవారం, గురువారం నలభై అయిదు మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చి పాఠం చెప్పి వెళ్తారు. మిగిలిన మూడు రోజులూ ఆల్జీబ్రా చదివే ఆరుగురు పిల్లలు ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని వీడియో పాఠాలు చూస్తారు, కంప్యూటర్ ప్రోగ్రాం ఇచ్చిన లెక్కలు చేస్తారు. వెనక కుర్చీలో వెర్నా కాపలా ఉంటుంది.

వెర్నా మొదటి ఏడాదంతా అల్లిక పనితో గడిపింది. రెండో ఏడాది నిద్ర ఆపుకోవడానికి తనూ లెక్కలు చేయడం మొదలుపెట్టింది. ఆమె చదువుకున్న రోజుల్లో ఇంటిపనులు నేర్చుకునే తరగతిలో చేరిన ఆడపిల్లలకు కూడికలు, వడ్డీలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. యాభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఒక సమీకరణం తేలినప్పుడు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచి సోమ, బుధ, శుక్రవారాల కోసం ఎదురుచూడటం ఆమెకు అలవాటైంది. ఈ సంగతి భర్త రేకి కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో హాల్వర్సన్ మంచు మీద జారిపడ్డారు. కుడి మడమ విరిగింది. మూడు వారాలు కారు నడపకూడదన్నాడు డాక్టరు. ఆయన స్థానంలో పంపడానికి వంద మైళ్ళలో ఇంకో లెక్కల మాస్టరు లేడు. ప్రోగ్రాం ఎలాగూ ఉంది కదా, వారమంతా అదే నడపమన్నాడు ప్రిన్సిపాల్ లిండ్‌గ్రెన్.

రెండో రోజే పిల్లలు చేతులెత్తేశారు.

"మిసెస్ కె, మీ రెండో డైలాగ్ కొట్టండి, విని చాలా సేపయింది" అన్నాడు కోల్టన్. వాడికి ఏది దొరికినా వేళాకోళమే.

"ప్రశ్న రాసిపెట్టుకో, సార్ వచ్చినప్పుడు అడుగు" అంది వెర్నా.

"సార్ వచ్చేసరికి నాకు పెళ్ళైపోతుంది."

"నిన్నెవరు చేసుకుంటార్రా?" అంది టెస్ తల ఎత్తకుండానే. టెస్ బ్రాండ్ట్‌కు నర్సింగులో చేరాలని ఉంది. ఈ ఆల్జీబ్రా గట్టెక్కకపోతే ఆ కాలేజీవాళ్ళు దరఖాస్తు కూడా తీసుకోరు. ఆమె ల్యాప్‌టాప్ మూత వేసింది. "నాలుగుసార్లు చూశాను మిసెస్ కె. నాలుగుసార్లూ ఆ వీడియో ఆయన అదే చెప్పాడు. అయిదోసారి చూస్తే ఇంకోలా చెప్తాడా?"

వెర్నా లేచి వెళ్ళి గది తలుపు మూసింది. ఆ పని చేస్తున్నప్పుడే తను ఏం చేయబోతోందో ఆమెకు స్పష్టంగా తెలుసు.

"మీ ఇళ్ళల్లో అతుకుల బొంతలున్నాయి కదా? బొంత మధ్యలో చదరం గుడ్డ ముక్క ఒకటుంది. దాని భుజం ఎంతో తెలీదు, ఎక్స్ అనుకోండి." బోర్డు మీద చదరం గీసింది. "ఎక్స్ స్క్వేర్ అంటే ఇదే. ప్లస్ సిక్స్ ఎక్స్ అంటే ఆరు అంగుళాల వెడల్పు పట్టీ ఇంకోటి ఉందన్నమాట. మొత్తం ఒకే పక్కన కుడితే బొంత చదరంగా వస్తుందా?"

"రాదు. తలుపులా పొడుగ్గా వస్తుంది" అన్నాడు కోల్టన్.

"అందుకని పట్టీని నిలువునా సగానికి చీల్చాలి. మూడంగుళాలది కుడిపక్కన, మూడంగుళాలది కింద. ఇప్పుడు ఏం మిగిలింది?"

టెస్ బోర్డు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుర్చీలోంచి లేచింది. "మూల. ఆ మూల ఖాళీగా ఉంది. మూడు బై మూడు. తొమ్మిది! ఆయన ఎక్కణ్ణుంచో తెచ్చి కలుపుతున్న తొమ్మిది ఇదా?"

"అదే."

"మరి ఆ మాట చెప్పి చావచ్చుగా ఆయన!"

ఆ మూడు వారాలూ వెర్నా రోజూ తలుపు మూసింది. నెలాఖరు పరీక్ష ప్రోగ్రామే పెట్టింది, ప్రోగ్రామే దిద్దింది. పన్నెండు లెక్కలు. జనవరిలో అరవై ఒకటి ఉన్న తరగతి సగటు ఎనభై నాలుగుకు చేరింది. పదకొండో లెక్క మాత్రం ఆరుగురికీ తప్పింది. ఆరుగురికీ ఒకే తప్పు జవాబు వచ్చింది. ఎందుకు తప్పిందో వెర్నాకు అంతుపట్టలేదు. మూడు రోజులు ఇంట్లో భోజనాల బల్ల మీద దాన్ని మళ్ళీ మళ్ళీ చేసింది. ప్రతిసారీ ఆ తప్పు జవాబే వచ్చింది.

లిండ్‌గ్రెన్ మార్కుల కాగితం పట్టుకుని గదికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. రెండేళ్ళుగా ఏ ఖర్చు తగ్గించాలా అని తల పట్టుకుని కూర్చున్నవాడు.

"చూశావా వెర్నా? మూడు వారాలు మాస్టరు మొహం చూడకుండా పిల్లలు ఎక్కడికెళ్ళారో! ఈ ప్రోగ్రాం తనంతట తనే నడుస్తోంది. వచ్చే సోమవారం స్కూలు బోర్డు మీటింగులో చెప్తాను. వచ్చే ఏడాది నుంచి హాల్వర్సన్ నెలకోసారి వచ్చి పలకరించి వెళ్తే చాలు."

వెర్నా కాగితం తిరిగిచ్చేసింది.

మర్నాడు మంగళవారం హాల్వర్సన్ చేతికర్రతో వచ్చారు. పిల్లల చిత్తు కాగితాలు తిరగేశారు. ఆరుగురి కాగితాల్లోనూ చదరాలు, పట్టీలు, ఖాళీ మూలలు కనిపించాయి.

"ఏంటివి?"

కోల్టన్ ల్యాప్‌టాప్ మూత చాటుకు వంగాడు.

"బొంత" అంది టెస్ చివరికి.

హాల్వర్సన్ వెనక కుర్చీ వైపు ఒకసారి చూశారు. ఇంకేమీ అడగకుండా బోర్డు దగ్గరికి వెళ్ళి పదకొండో లెక్క రాశారు. "ఇక్కడ ఎక్స్ స్క్వేర్ ముందు రెండు ఉంది. అంటే మీ దగ్గర ఉన్నది ఒక్క బొంత కాదు, రెండు బొంతల గుడ్డ. రెండింటినీ కలిపి ఒకే మూల కుట్టబోతే ఎలా? ముందు మొత్తాన్ని రెండుతో భాగించండి. ఒక్క బొంత చేసుకుని అప్పుడు మూల కుట్టండి." నాలుగు నిమిషాలు పట్టింది. వెర్నా తన పుస్తకంలో ఆ మాటలు రాసుకుంది.

తరగతి అయ్యాక ఆయన వరండాలో ఆగారు. "నేను పదిహేడేళ్ళుగా చెప్తున్నా మిసెస్ కూచెరా. బొంత తట్టలేదు."

"తప్పు కూడా నేర్పాను కదండీ."

"మొదటి ఏడాది నేనూ ఆ తప్పే నేర్పాను." ఆయన కర్ర చెయ్యి మార్చుకున్నారు. "లిండ్‌గ్రెన్ సంగతి విన్నాను. మీరేం మాట్లాడకండి. మాట్లాడితే మీ గది పోతుంది. నా సంగతి నేను చూసుకుంటా."

ఆ సాయంత్రం వెర్నా మొత్తం రేకి చెప్పింది. రే బూట్లు విప్పుతూ విన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆయనే వద్దంటుంటే!"

"వచ్చే ఏడాది ఆ ఆరుగురూ ఇంకా పెద్ద లెక్కలకి వెళ్తారు. నెలకోసారి వచ్చే మాస్టరూ, మూడు ముక్కలు మాట్లాడే నేనూ. వాళ్ళకి తప్పొస్తే ఎవరు చెప్తారు?"

"నువ్వే చెప్పు, ఇన్నాళ్ళూ చెప్పినట్టే."

"నాకు తెలిస్తేగా!"

రే బూటు కింద పెట్టాడు. "నీకా గదంటే ఇష్టమా?" అన్నాడు, అప్పుడే కనిపెట్టినట్టు. వెర్నా అతని బూట్లు తీసుకెళ్ళి తలుపు పక్కన పెట్టింది.

సోమవారం సాయంత్రం ఆరింటికి స్కూలు భోజనశాలలో బోర్డు కూర్చుంది. ఊరివాళ్ళు ఎన్నుకున్న సభ్యులు అయిదుగురు. అధ్యక్షురాలు ఆర్లిస్ టైడ్, పశువుల పెంపకందారు. లిండ్‌గ్రెన్ అంకెలు చూపించి కూర్చోగానే వెర్నా చెయ్యెత్తింది.

"ఆ మార్కులు ప్రోగ్రాం వల్ల వచ్చినవి కావు. పాఠాలు నేను చెప్పాను."

లిండ్‌గ్రెన్ గబుక్కున అందుకున్నాడు. "పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని ఉంటారు. వెర్నా పక్కనుంది, అంతే."

"లేదండీ. పదకొండో లెక్క చూడండి. ఆరుగురికీ ఒకే తప్పొచ్చింది. ప్రోగ్రాం నేర్పుంటే ఆ తప్పు రాదు. ఆ తప్పు నాది. రెండుతో భాగించాలని నాకు తెలీదు, వాళ్ళకి చెప్పలేదు."

సభ్యులు కాగితాలు తిప్పారు.

"నువ్వు సంతకం పెట్టిన కాగితం గుర్తుందా?" అంది ఆర్లిస్.

"గుర్తుందండీ."

"సరే. అయినా ఒకటడుగుతా. నువ్వు ఇంత బాగా చెప్పగలిగితే ఇక ఆయనతో పనేముంది?"

"నేను ఎక్కడ ఆగిపోతానో అక్కడ ఆయనతో పనుంది. ఆ లెక్క ఎందుకు తప్పిందో మూడు రోజులు చూశాను. నాకు తెలీలేదు. ఆయన నాలుగు నిమిషాల్లో చెప్పారు. అది పన్నెండు లెక్కల పరీక్ష కాబట్టి ఒక్కటే పోయింది. ముందు ముందు అన్నీ పదకొండో లెక్కలే ఉంటాయి."

ఓటింగులో హాల్వర్సన్ రెండు రోజులూ ముగ్గురి మాట మీద నిలిచాయి. ఇద్దరు వద్దన్నారు. తర్వాతి అంశం, షరతు తప్పినందుకు వెర్నా కూచెరాను వచ్చే సోమవారం నుంచి వంటగదికి మార్చడం. దానికి అయిదు చేతులూ లేచాయి. ఆర్లిస్ చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది.

వంటగదిలో మొదటి రోజు పొద్దున వెర్నా ఆఫీసు ముందు ఆగింది. తలుపు పక్కన మీటింగు వివరాలు అంటించారు. నిలబడి చదివింది. తర్వాత లోపలికి వెళ్ళి, టైపు చేస్తున్న గుమాస్తా బోనీ ముందు నిలబడింది.

"ఇక్కడ 'పిల్లలకు సహాయపడ్డారు' అని రాశావు."

"నీ మంచికే రాశానే. 'పాఠం చెప్పారు' అంటే లైసెన్సు లేకుండా చెప్పినట్టు. అది నీ ఫైల్లో ఉండిపోతుంది, ఎప్పటికీ."

"ఉండనీ. పాఠం చెప్పాను బోనీ. మార్చు."

"ఇక నిన్నా గదిలోకి తిరిగి రానివ్వరు, తెలుసా?"

"తెలుసు. పదకొండో లెక్క తప్పు చెప్పానన్నది కూడా రాయి. అదీ అక్కడన్న మాటే."

బోనీ ఆమెను ఎగాదిగా చూసి, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. కొత్త కాగితం అచ్చయి వచ్చింది. వెర్నా రెండు వాక్యాలూ చదివి, తల ఊపి, జుట్టు మీద వల తొడుక్కుంటూ వంటగది వైపు నడిచింది. అప్పటికే ఏడు నిమిషాలు ఆలస్యమైంది.