గోడకెక్కని ఎర్ర దుప్పటి

మా ఊళ్ళో ఓ అలవాటుంది. కొండెక్కినవాళ్ళు పైనున్న రాతి బసకు చేరగానే లోపలుండే ఎర్ర దుప్పటి తీసి దాని గోడకు ఆరేస్తారు. కింద నుంచి అది చింతగింజంత కనిపిస్తుంది. కనిపించిందంటే అంతా క్షేమంగా చేరినట్టే. ఆ లోయల్లో ఫోన్లు పలకవు కాబట్టి మాకు ఆ దుప్పటే కబురు.

ఆ రోజు మా అమ్మాయి నెలిదా మొదటిసారి ఒక్కతే గైడుగా వెళ్ళింది. వెంట బ్వేనస్ ఐరెస్ నుంచి వచ్చిన నలుగురు. వాళ్ళలో ఒకాయన వకీలు, ముందు పొట్ట నడుస్తుంటే వెనక ఆయన నడుస్తాడు. మధ్యాహ్నానికి చిలీ వైపు నుంచి గాలి లేస్తుంది, నాన్నని తోడు తీసుకెళ్ళమని నేను పట్టుబట్టాను. చలికాలమంతా మంచులో జనానికి స్కీ నేర్పే పిల్లకి ఆ మాట ఎక్కడ నచ్చుతుంది?

"నేనెప్పుడమ్మా పెద్దదాన్నయ్యేది?" అంది.

"గోడ మీద దుప్పటి కనిపించాక" అన్నాను. నా నోరు ఊరుకోదు.

మధ్యాహ్నం గాలి లేవనే లేచింది. దుప్పటి మాత్రం కనిపించలేదు. నా టీకొట్టు కిటికీలోంచి గోడనే చూస్తూ, వేయించడానికి నూనెలో వేసిన తోర్తా రొట్టెలు రెండు వాయిలు మాడ్చేశాను. కుర్చీల రోప్‌వే నడిపే మా ఆయన ఎలిసెయో వాటిని చూసి, వీటిని చెప్పుల కింద అట్టలుగా అమ్ముకోవచ్చన్నాడు. రొట్టెల బట్టీ ఓర్తెన్సియో బైనాక్యులర్స్‌తో పాటు ఉచిత సలహాలూ పట్టుకొచ్చాడు. వకీలు పొట్ట వల్లే ఆలస్యమై ఉంటుందన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా కొట్టు ముందు నిలబడ్డారు. టీ అడిగి, ఇచ్చాక తాగకుండా కొండకేసి చూస్తున్నారు. అది చూసి నాకు భయం పట్టుకుంది.

ఎండ కొండ వెనక్కి జారుతుండగా ఎలిసెయో జోకులు మానేశాడు. తాడు భుజాన వేసుకుని బూట్లు బిగించుకోవడం మొదలుపెట్టాడు. పెళ్ళి రోజు కూడా జోకులు ఆపని మనిషి నోరు మూసుకునేసరికి నేను పొయ్యి ఆర్పేసి బయటికొచ్చాను. పొద్దున్న ఆ మాట ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఎర్రగా ఏదో ఉంది. గోడ మీద కాదక్కా, కింద దారి మలుపులో. కదులుతోంది" అన్నాడు ఓర్తెన్సియో.

బైనాక్యులర్స్ లాక్కున్నాను. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని దుప్పటి మోసుకొస్తున్నారు. మధ్యలో వకీలు. ముందు కొస మా నెలిదా చేతిలో ఉంది. ఐదుగురూ ఉన్నారు. గుండెల మీంచి బరువు దిగి, అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను.

అందరూ ఎదురెళ్ళి దుప్పటి అందుకున్నారు. బస దగ్గర్లోనే వకీలు కాలు మడతపడిందట. నెలిదా పరుగున వెళ్ళి బసలోంచి దుప్పటి తెచ్చి, గాలి ముదరకముందే దిగిపోదామని తేల్చేసిందట. మోసినంతసేపూ తనచేత పాటలు పాడించిందని వకీలు చెప్పుకుని మురిసిపోయాడు.

తిట్టడానికే నోరు తెరిచాను. కానీ దాన్ని కావలించుకున్నాను.

"గోడకెయ్యడానికి దుప్పటి ఖాళీగా లేదమ్మా. ఇందులో ఈయనున్నాడు" అంది నా భుజం మీదే నవ్వుతూ.

వకీలు బరువుకి దుప్పటి నడిమికి చిరిగిపోయింది. మర్నాడు పొద్దున్నే నెలిదా మళ్ళీ బూట్లు తొడుక్కుంటుంటే, పండగలకి మాత్రమే పెద్ద బల్ల మీద పరిచే నా ఎర్ర గుడ్డ తీసి దాని సంచిలో పెట్టాను.

"నాన్ననీ తీసుకెళ్ళమంటావా?"

"ఆయనకి రోప్‌వే దగ్గర పనుంది. నువ్వెళ్ళు."

ఆ రోజు ఒక్క వాయే మాడింది.