నాలుగు వేళ్ల అల్లిక

"పిల్లలతో ఊలుండలు ఆడుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నారు మా ఆయన, నేను ఫోర్కుకి ఊలు చుడుతుంటే. కూరలు తరగడం అయిపోయింది. కుక్కర్ కూత కోసం ఎదురుచూస్తూ, మర్నాడు పిల్లలకు చూపించడానికి ఒక కుచ్చుబంతి చేస్తున్నాను. ఫోర్కు చుట్టూ అరవై చుట్లు చుట్టి, నడుమ గట్టిగా ముడేసి, రెండు అంచులూ కత్తిరిస్తే బంతి విచ్చుకుంటుంది. నాలుగేళ్ల పిల్లలు కూడా చేస్తారు. ఆయన కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నారు. కోపంగా అంటే జవాబు చెప్పొచ్చు. నవ్వుతూ అన్నదానికి జవాబు చెబితే, ఇంత చిన్న మాటకేనా అంటారు. అత్తయ్య పక్కింటివాళ్లతో "మా కోడలు ఆసుపత్రిలో పనిచేస్తుంది" అని గొప్పగానే మొదలుపెట్టి, వాళ్లు ఇంకేదో అడిగేలోపు "నర్సు కాదులెండి, ఊరికే" అని ముగిస్తారు.

ఆ ఊరికే చేసే పని ఏమిటంటే, పిల్లల ఆసుపత్రి మూడో అంతస్తులో, నెలల తరబడి మంచం దిగలేని పిల్లలతో రోజూ ఊలుతో ఏదో ఒకటి చేయించడం. అట్టముక్కకు చుట్టి బొమ్మలు, రెండు పుల్లలను అడ్డంగా కట్టి వాటి చుట్టూ రంగురంగుల నక్షత్రాలు, వేళ్లతో గొలుసులు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక చేరాను. పిల్లలు ఊలాంటీ అంటారు. డాక్టర్లు ఏమీ అనరు, నా పేరు వాళ్లకు తెలియదు. హెడ్ సిస్టర్‌కి తెలుసుగానీ, ఎవరైనా సెలవు పెట్టిన రోజునే గుర్తొస్తుంది. మీరు ఖాళీయే కదా, ఆ దుప్పట్లు కాస్త మడత పెట్టండి అంటుంది. పెడతాను. ఇంట్లో మడత పెట్టి వచ్చిన చేతులే కదా, వాటికి కొత్తేముంది.

గువ్వ ఆ వార్డులో ఏడేళ్ల పిల్ల. వాళ్లమ్మ పెట్టుకున్న ముద్దుపేరు అది. ఎడమ చేతికి ఎప్పుడూ సెలైన్ సూది, కదలకుండా కింద అట్ట కట్టి ఉండేది. గొలుసు అల్లడానికి రెండు చేతులు కావాలి. ఒక చేతి నాలుగు వేళ్లకు ఊలు చుట్టి, రెండో చేత్తో కింది చుట్టును పై చుట్టు మీదుగా దాటించాలి. గువ్వ కాసేపు ఆలోచించి "మీ చెయ్యి ఇస్తారా ఆంటీ?" అని అడిగింది. ఇచ్చాను. ఏడు వారాలపాటు రోజూ గంటసేపు నా ఎడమ చెయ్యి ఆ పిల్లది. నా నాలుగు వేళ్లకూ చుట్టి, ఒక్కొక్క చుట్టే దాటిస్తూ, మధ్యమధ్యలో బిగిసిందా అని అడిగేది. మా ఇంట్లో నా చేతులను ఇలా అడిగి తీసుకున్నవాళ్లు లేరు. పెళ్లైన మర్నాటి నుంచీ అవి అందరివీను.

ఆఖరి రోజు సగం వరుసలో నిద్రపోయింది. చెయ్యి తీస్తే లేస్తుందేమోనని అలాగే కూర్చున్నాను. హెడ్ సిస్టర్ వచ్చి, మిగతావాళ్లు పిల్లలు కారా అంది. అప్పుడు ఆ నాలుగు చుట్లనూ జారిపోకుండా ఒక పెన్సిల్ మీదకు ఎక్కించి, దిండు పక్కన పెట్టి లేచాను. రేపు చేద్దాంలే అని నిద్రపోతున్న పిల్లకు చెప్పాను.

తెల్లారి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. వాళ్లమ్మ కాగితాల కోసం వరండా బెంచీ మీద కూర్చుని ఉంది, చేతిలో ఆ పెన్సిల్. నన్ను చూసి ఏడవలేదు. "ఇది ఎలా పూర్తి చెయ్యాలమ్మా?" అంది. పక్కన కూర్చుని చెప్పాను. ఊలు కత్తిరించి, ఆ కొసను నాలుగు చుట్ల లోంచీ పోనిచ్చి లాగాలి. నేను చేస్తానంటే వద్దంది. తనే పోనిచ్చింది. కొస వేలికి చుట్టుకుంది.

"లాగేస్తే అయిపోతుందా?"

"అయిపోతుంది" అన్నాను.

బిడ్డకు తల దువ్వుతున్నంత మెల్లగా లాగింది.

మా వార్డులో ఒక పద్ధతి ఉంది. ఏ పిల్లైనా పోతే, చూసుకున్నవాళ్లంతా ఒక గదిలో అరగంట కూర్చుని మాట్లాడుకుంటారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. నేనూ వెళ్లాను. గుమ్మం దగ్గర హెడ్ సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది వైద్యం చేసినవాళ్లకండీ. మీరు కాసేపు పిల్లలను చూసుకుంటే మేం స్థిమితంగా మాట్లాడుకుంటాం" అంది. మర్యాదగానే అంది. తలుపు వేసుకున్నారు. నేను వెనక్కి వచ్చి పద్నాలుగు మంది పిల్లలతో కుచ్చుబంతులు చేయించాను. ఎవరి బంతి పెద్దదో తేల్చమని పోట్లాడుకుంటే, అన్నీ పెద్దవేనని తీర్పు కూడా చెప్పాను.

ఆ సాయంత్రమే మా ఆయన ఆఫీసర్ కుటుంబం భోజనానికి వస్తోంది. పొయ్యి మీద రెండు, పక్కన రెండు వంటకాలు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చిన ఆయనతో, గువ్వ పోయిందండీ అన్నాను.

"ఏ గువ్వ?" అన్నారు.

ఏడు వారాలుగా రోజూ చెబుతున్నాను. ఆ పిల్ల తిన్నదని, తినలేదని, గొలుసు ఈ మంచం నుంచి ఆ మంచం దాకా వచ్చిందని. ఆయన ఊఁ కొట్టేవారు. ఆ ఊఁ వినడమని ఇన్నాళ్లూ అనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక పొయ్యి వైపు తిరిగాను. వాళ్లొచ్చే వేళకి మొహం అలా పెట్టుకోకు అని వెళ్లిపోయారు.

భోజనాలయ్యాక ఆఫీసర్ గారి అమ్మాయికి విసుగొచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. "మా ఆవిడ ఆడిస్తుందిలెండి, తన ఉద్యోగమే అది" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేను ఊలు బుట్ట తెచ్చి కింద కూర్చున్నాను. ఆ పిల్ల ఫోర్కుకి చుడుతూ, మీ దగ్గర ఎంతమంది పిల్లలని అడిగింది. నిన్నటిదాకా పదిహేను, ఇవాళ పద్నాలుగు అన్నాను. ఒకళ్లు ఇంటికి వెళ్లిపోయారా అంది. అవునంటే సరిపోయేది. నోరు రాలేదు.

"చనిపోయింది" అన్నాను.

సోఫాలోంచి వాళ్లమ్మ ఇలా రా అని పిలిచింది. ఆ పిల్ల లేచి, వెళ్లబోతూ నన్నడిగింది.

"ఆ పాపకి ఏ రంగిష్టం?"

"మట్టిరంగు. దాన్నెవరూ అడగరు కాబట్టి ఎప్పటికీ అయిపోదు అనేది."

పిల్ల బుట్టలో వెతికి, అడుగున ఉన్న మట్టిరంగు ఉండ తీసి, నా ఒళ్లో పెట్టి వెళ్లింది. ఆ రోజంతటిలో గువ్వ గురించి ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే.

వాళ్లు వెళ్లాక మా ఆయన అరవలేదు. చక్కగా గడుస్తున్న సాయంత్రం పాడైందన్నారు. "నీ సంగతులు ఇంట్లోకి తేకు" అన్నారు. మన పిల్ల కూడా కాదాయె అని అత్తయ్య నిట్టూర్చారు. నేను సరేనని గిన్నెలు కడగడానికి వెళ్లాను. మట్టిరంగు ఉండ పక్కన పెట్టి, ఒక్కొక్క గిన్నే తోముతూ నిర్ణయించుకున్నాను. ఆసుపత్రి సంగతులే కాదు, తలనొప్పిగా ఉందని, ఫలానా కల వచ్చిందని, ఇవాళ ఎవరో ఒక మాటన్నారని, నా గురించి ఏదీ నా అంతట నేను చెప్పకూడదు. అడిగితేనే చెప్పాలి.

ఇది అయిదో నెల. ఇంకా ఎవరూ అడగలేదు.