మెట్ల మీద మాల్

మధ్యాహ్నం రెండు గంటలకు, కామాఠీపురాలో రాజవ్వ ఉండే చాల్‌లో, వరండాల వెంట ఒంటిగది కాపురాలున్న ఆ పాత మేడలో, మూడో అంతస్తున మంటలు లేచాయి. కాళ్లు పడిపోయిన సాయమ్మ తప్ప అందరూ కిందికి ఉరికొచ్చారు.

సాయమ్మను తెద్దామని రాజవ్వ మెట్లెక్కబోయింది. అడుగు పెట్టే చోటు లేదు. ఉన్న ఒక్క మెట్లదారిలో సగం మేర పేర్చిన స్వప్నిల్ అట్టపెట్టెలు, జనం ఉరికొచ్చిన తోపులాటలో కూలి దారంతా మూసేశాయి. కింద బ్యాగుల దుకాణం అతనిది. ఏడాదిగా ఎవరెంత మొత్తుకున్నా మాల్ అక్కడే పేరుస్తున్నాడు.

రాజవ్వ ఆ పెట్టెలతో పెనుగులాడుతుండగానే ఫైరింజన్ వచ్చింది. పైన ఎవరైనా ఉన్నారా అని వాళ్ల పెద్దాయన అడిగితే, ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్న మగవాళ్లు ఒక్కరూ పలకలేదు. రాజవ్వ మనవరాలు, తొమ్మిదేళ్ల దర్శన, ముందుకెళ్లి సాయమ్మ గది ఎక్కడుందో చెప్పింది. ఫైరింజన్‌వాళ్లు ఇద్దరు పెట్టెలను ఎత్తి గల్లీలోకి విసిరేస్తూ దారి చేసుకుని పైకెక్కారు. చాలాసేపటికి సాయమ్మను భుజాన వేసుకుని దిగారు. ప్రాణం దక్కింది గానీ, పొగ మింగి ఆసుపత్రి పాలైంది.

"దారి ఖాళీగా ఉంటే ఎప్పుడో తెచ్చేవాళ్లం," అన్నాడు పెద్దాయన, పైపు చుడుతూ. పిల్లలు విన్నారు.

నాలుగో రోజుకే పెట్టెలు మళ్లీ మెట్లెక్కాయి. ఆ సాయంత్రం స్వప్నిల్ దర్శనను రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"అవ్వా, నీ మనుమరాలు, పోరగాండ్లు కలిసి నా మాలంతా గల్లీల పారేసిండ్రు. జర బుద్ధి చెప్పు."

రాజవ్వకు ఒళ్లు మండిపోయింది.

"ముందు దాని చెయ్యి ఇడువు. మొన్న మంటలార్పిన ఆ బంబువాళ్లు ఏం జేసిండ్రో గదే జేసింది. నువ్వు సుత ఆడ్నే ఉంటివి గద. నీకేం సమజైంది?"

"నాకు నుక్సాన్ కాలేదా అవ్వా?"

"సాయమ్మ ఇంక దవాఖానల్నే ఉంది. ఒక్కదినమన్న పోయి చూసినవా?"

స్వప్నిల్ నేల చూశాడు. "దుకాన్ల జగా లేదు. యాడ పెట్టాలె?"

"నీ నెత్తిన పెట్టుకో. మా పాణాల మీద పెట్టకు."

రాజవ్వ చరచరా వెళ్లి, మెట్ల మీద మిగిలిన పెట్టెను తానే ఎత్తి బయట పడేసింది. పోలీసులను పిలుస్తానన్నాడు స్వప్నిల్.

"పిలువు. వాళ్లు సుత చూస్తరు ఈ మెట్లు."

అతను పిలవలేదు. తోపుడుబండి తెప్పించి మాల్ ఎక్కించసాగాడు.

రాజవ్వ కోపం చల్లారలేదు. వరండాల్లో నిలబడి చూస్తున్న మగవాళ్ల వైపు తలెత్తింది. "చిన్నపోరి ముందటికి పోవాల్నా? మీకు నోళ్లు లేవా?"

ఇద్దరు దిగొచ్చి పెట్టెలు అందుకున్నారు. మిగతావాళ్లు లోపలికి పోయి తలుపులేసుకున్నారు.