చివరి ఆరంకెలు

ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో కోర్టు పత్రాలు అనువదించే మున్జియా కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక మళ్లీ తెరుచుకోలేదు. ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా, తాళం తీయడానికి నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడుగుతోంది. ఆ కంప్యూటర్‌ని అమర్చింది విడిపోయిన భర్త లస్సాద్. ఆ కీ అతని దగ్గరే ఉంది. అందులో ఉన్న అనువాదం ఇవ్వడానికి రేపే గడువు. వేరే దారిలేక, మూడేళ్ల తర్వాత అతనికి ఫోన్ చేసింది.

అతను నింపాదిగా చదువుతూ నలభై రెండో అంకె దగ్గర ఆగాడు. "మిగతా ఆరూ ఇంటికొచ్చి తీసుకో, మున్జియా. కాఫీ పెడతాలే."

"ఇంకా నీ గుప్పిట్లోనే ఉన్నాననుకుంటున్నావా?"

"లేవా మరి?"

ఫోన్ పెట్టేసింది. తర్వాత కోర్టు కాగితాలు ముందేసుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ చేత్తో రాసింది. రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చి మాటలు పడింది గానీ, ఆ గడప మాత్రం తొక్కలేదు.